కలిమి కట్టిన ఇల్లు, లేమి కాపాడిన కప్పు

షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ పట్టణానికి పడమట మైలు దూరంలో షాటరీ అనే చిన్న ఊరుంది. అక్కడ వాలునేల మీద ఒక పొడవాటి ఇల్లు. అడుగున రాతి పునాది, దాని మీద ఓక్ కొయ్య చట్రం, చట్రం గళ్ళలో తెల్లటి గోడలు, చిన్న చిన్న అద్దపు కిటికీలు, వాటి మీదికి వంగిన మందపాటి గడ్డికప్పు, ముందు పూలతోట. షేక్‌స్పియర్ భార్య యాన్ పుట్టింటిగా, ‘యాన్ హాథవే కాటేజీ’ అనే పేరుతో ఇది లోకమంతటికీ తెలుసు. క్యాలెండర్ల మీదా మిఠాయి డబ్బాల మీదా ఇంగ్లీషు పల్లె అనగానే కనిపించే బొమ్మ దాదాపు ఇదే. కెనడాలోని విక్టోరియా నగరంలో దీనికి నకలు కూడా కట్టుకున్నారు. బొమ్మ చూసిన వారికి మూడు భావాలు కలుగుతాయి. ఇది ఒక పేద కుటుంబం తలదాచుకున్న గూడని, నాలుగైదు వందల ఏళ్ళుగా ఇలాగే ఉందని, గడ్డికప్పు ఆ పల్లె జనం నిరాడంబరతకు గుర్తని. గడ్డికప్పు అంటే పూరిల్లు, పూరిల్లు అంటే పేదరికం అనుకోవడానికి అలవాటుపడిన మనకు ఈ భావాలు మరీ సహజంగా తోస్తాయి. కానీ ఆ ఇంటి దుంగలూ, దస్తావేజులూ, కప్పూ చెప్పే సాక్ష్యం ఈ మూడింటికీ అడ్డుపడుతుంది. ఈ ఇంటిని కట్టింది రైతు కలిమి. గడ్డికప్పును దాని మీద నిలిపి ఉంచింది తర్వాతి కాలపు లేమి. అందాల బొమ్మగా మలిచింది ఇంకా తర్వాత వచ్చిన పట్నవాసుల మోజు. ఈ మూడు దశలనూ విడదీసి చూస్తేనే ఇంగ్లండ్ పల్లె చరిత్రా, దాన్ని కాపాడడానికి ఇప్పుడు చేయవలసిన పనీ సరిగా అర్థమవుతాయి.

మొదట ఇంటి ఎముకల గూడు చూడాలి. ఇంటిలోని పాత భాగం 1460ల నాటిది. మేడగదిలోకి వెళితే గోడ పక్క నుంచి లేచి వంపు తిరుగుతూ కొప్పు దాకా వెళ్ళే పెద్ద దుంగలు కనిపిస్తాయి. వీటిని క్రక్‌లు అంటారు. సహజంగా వంపు తిరిగిన ఓక్ చెట్టును ఎంచి, వీలైతే దాన్నే నిలువునా రెండుగా చీల్చి, రెండు బద్దలనూ ఎదురెదురుగా నిలబెట్టి, పైన కొనల దగ్గర కలిపి, మధ్యలో అడ్డదూలంతో బిగిస్తారు. ఒకే చెట్టులో పుట్టినవి కనుక రెండు బద్దల వంపూ సరిపోతుంది. ఇలాంటి జతలను వరసగా నిలిపి వాటి మీద వాసాలు పరిస్తే కప్పు బరువంతా నేరుగా పునాది రాళ్ళ మీదికి దిగుతుంది. గోడలకు మోసే పని దాదాపు ఉండదు. అందుకే గళ్ళ మధ్య ఓక్ పుల్లలకు హాజెల్ అనే పొద బెత్తాలు అల్లి తడిక కట్టి, బంకమట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపిన ముద్దతో రెండు వైపులా మెత్తి, సున్నం కొడితే సరిపోయేది. కొయ్యను పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఒక దుంగ చివర చెక్కిన నాలుక మరో దుంగలో తొలిచిన గాడిలో దిగుతుంది, అడ్డంగా ఓక్ సీల పడుతుంది. కొయ్య ఆరే కొద్దీ అతుకు బిగుస్తుంది. ఇనుప మేకు అవసరం లేదు. చట్రాన్ని ముందుగా నేల మీద పరిచి, ఏ ముక్క ఎక్కడికి వెళ్ళాలో గాట్లు పెట్టి గుర్తించి, తర్వాత పదిమంది కలిసి ఎత్తి నిలబెట్టేవారు. ఇది తెలిసిన వడ్రంగి పని, కూలికి ఖర్చు పెట్టించిన పని. ఇంటివాడు తీరిక వేళల్లో తోచినట్టు కట్టుకున్న పాక ఏ కోశానా కాదు.

1460ల్లో ఒక పల్లె రైతుకు ఈ స్తోమత ఎలా వచ్చింది? జవాబు అంతకు వందేళ్ళ ముందు ఉంది. 1348–49లో ప్లేగు ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టింది. ఆ తర్వాత కూడా అది తెరలు తెరలుగా తిరిగి వచ్చింది. మనుషులు తగ్గారు, నేల తగ్గలేదు. కూలి రేట్లు పెరిగాయి, భూస్వాములకు కౌలుదార్లు దొరకడం కష్టమైంది. వెట్టికి కట్టుబడిన రైతులు మెల్లగా ఆ బంధాల నుంచి బయటపడి, మేనరు (భూస్వామి ఎస్టేటు) కోర్టు చిట్టాలో పేరు రాయించుకుని తరతరాలకూ సంక్రమించే కౌలు హక్కు పొందారు. చనిపోయినవాడి చెక్కనూ, ఊరు విడిచినవాడి చెక్కనూ కలుపుకుని ఒకే కుటుంబం పెద్ద కమతం చేయగలిగింది. షాటరీ ఇంటి దస్తావేజుల్లోనూ ఈ జాడ ఉంది. యాన్ తాతగా భావించే జాన్ హాథవే 1543 నాటికి ఇక్కడ కౌలుదారు. అతని చేతిలో ఉన్నవి రెండు వేర్వేరు పాత కమతాల నుంచి కలిసి వచ్చిన భూములు. ఆ కలిసిన చెక్కల్లో ఒకదాని పేరే హ్యూలిన్స్. తర్వాత ఇంటికీ పొలానికీ హ్యూలాండ్స్ అనే పేరు నిలిచింది. తర్వాతి కాలపు లెక్కల్లో ఈ పొలం దాదాపు 90 ఎకరాలు. ఇల్లు పెరుగుతూ పెరుగుతూ పన్నెండు గదులైంది. నేల మీద హక్కు పిల్లలకు దక్కుతుందన్న భరోసా ఉన్నవాడే వందల ఏళ్ళు నిలిచే ఓక్ మీద డబ్బు పెడతాడు. రేపు ఖాళీ చేయమంటారేమోనన్న భయం ఉన్నవాడు పెట్టడు. కనుక ఆ వంపు దుంగల్లో మొదట చదవవలసింది కౌలు భద్రతను, ఆ తర్వాతే వడ్రంగి నేర్పును.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. మధ్యయుగపు రైతు ఇళ్ళు నాసిరకం కట్టడాలని, తరానికొకసారి కూలి మళ్ళీ లేచేవని, కనుక ఇప్పుడు మిగిలి ఉన్నవి చిన్న జమీందార్ల ఇళ్ళే అయి ఉంటాయని చరిత్రకారులు చాలాకాలం నమ్మారు. యార్క్‌షైర్‌లో పాడుపడిన వారమ్ పర్సీ గ్రామంలో మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ 1950 తర్వాత నలభై ఏళ్ళపాటు సాగించిన తవ్వకాలు మొదట్లో ఆ నమ్మకాన్నే బలపరిచినట్టు కనిపించాయి. నేలలో దొరికిన సన్నపాటి గోడల ఆనవాళ్ళు ఒకదాని మీద ఒకటి పదేపదే మారినట్టుండేవి. కానీ 1980ల్లో పురావస్తు పరిశోధకుడు స్టూవర్ట్ రాత్మెల్ అవే ఆనవాళ్ళను మళ్ళీ పరిశీలించి, మారినవి గోడలే తప్ప ఇళ్ళు కావని చూపాడు. కప్పును మోసింది క్రక్‌లు. అవి నిలిచి ఉండగానే మధ్యనున్న మట్టిగోడలను ఎన్నిసార్లయినా తీసి కట్టుకోవచ్చు. ఆ తర్వాత పరిశోధకులు నాట్ ఆల్కాక్, డాన్ మైల్స్ ఇంగ్లండ్ మధ్య జిల్లాల్లో వందకు పైగా క్రక్ ఇళ్ళ దుంగల్లోని ఏటి వలయాలను లెక్కించి, పాత దస్తావేజులతో సరిచూసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ తర్కాన్ని స్థిరపరిచింది. ఆ ఇళ్ళలో చాలా భాగం 14వ శతాబ్ది చివరి నుంచి 16వ శతాబ్ది మొదటి దాకా కట్టినవి. కట్టించిన వాళ్ళు సాధారణ కౌలు రైతులు. 1981లో అచ్చయిన జాబితాలోనే బ్రిటన్ అంతటా మూడు వేలకు పైగా క్రక్ కట్టడాలు నమోదయ్యాయి. షాటరీ ఇల్లు షేక్‌స్పియర్ చుట్టరికం వల్ల పేరు పొందింది గానీ, కట్టడం రీత్యా అది ఒక పెద్ద కుటుంబంలోని సభ్యురాలే.

రెండో అపోహ ఇల్లు మారలేదన్నది. 1460ల్లో ఈ ఇంటికి పొగగొట్టం లేదు, మేడ లేదు. మధ్యనున్న పెద్ద హాలు నేల నుంచి కొప్పు దాకా ఒకటే ఖాళీ. నేల మధ్యలో పొయ్యి. పొగ పైకి లేచి, వాసాల చుట్టూ తిరిగి, కప్పులోని కంతల గుండా, గడ్డి సందుల గుండా మెల్లగా బయటికి పోయేది. వెచ్చదనం, వంట, భోజనం, పడక, మాటామంతీ అన్నీ ఆ హాలులోనే. 16వ శతాబ్దిలో ఇది మారింది. ఇటుక పొగగొట్టం వచ్చింది. పొగ ఒక గొట్టంలోకి ఒదిగాక పైభాగం ఖాళీగా ఉంచవలసిన పని లేకపోయింది. హాలు మధ్యలో దూలాలు వేసి అంతస్తు నిలిపారు. కింద వంటగది, కూర్చునే గది, పాలూ వెన్నా దాచే గది, పైన పడకగదులు. పొయ్యి పక్కనే రొట్టెలు కాల్చే పొయ్యి. ఎసెక్స్‌లో మతగురువుగా ఉన్న విలియం హారిసన్ 1577లో తన ఊరి ముసలివాళ్ళు తమ జీవితకాలంలో చూసిన మూడు వింత మార్పులను నమోదు చేశాడు. వాటిలో మొదటిది పొగగొట్టాలు లెక్కకు మించి పెరగడం, రెండోది పరుపులు, మూడోది కొయ్య పాత్రల చోట లోహపు పాత్రలు. 1953లో చరిత్రకారుడు డబ్ల్యూ.జి. హాస్కిన్స్ 1570–1640 మధ్యకాలాన్ని ఇంగ్లండ్ పల్లెల మహా పునర్నిర్మాణంగా వర్ణించాడు. కారణం సూటిగా చెప్పాడు. ఆ శతాబ్దంలో ధాన్యం ధరలు పెరుగుతూ పోయాయి, ఆచారం ప్రకారం స్థిరపడిన కౌలు మాత్రం పెరగలేదు. ఆ తేడా రైతు చేతిలో మిగిలి, ఇటుకగా, గాజుగా, అంతస్తుగా మారింది. హాస్కిన్స్ చెప్పిన తేదీలు దేశమంతటికీ సరిపోవని తర్వాతి పరిశోధకులు సవరించారు. చాలా ప్రాంతాల్లో ఆ కట్టుబడి 18వ శతాబ్ది దాకా సాగింది. అయినా స్ట్రాట్‌ఫర్డ్ పక్క అవాన్ నది పరిసరాల్లో ఆయన లెక్క బాగానే కుదురుతుంది.

హాథవేల కాగితాలు ఈ కలిమిని దగ్గరగా చూపిస్తాయి. యాన్ తండ్రి రిచర్డ్ 1581 సెప్టెంబరులో వీలునామా రాసి కొద్దికాలానికే పోయాడు. కూతురికి పెళ్ళినాడు ఇవ్వవలసిందిగా పది మార్కులు, అంటే ఆరు పౌన్ల పదమూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు, రాసిపెట్టాడు. తన గదిలోని రెండు మంచాలను భార్య విధవరాలిగా ఉన్నంతకాలం అక్కడి నుంచి కదపకూడదని కూడా రాశాడు. మంచం వీలునామాకెక్కిందంటే అది పనివాడు చేసిన విలువైన సామాను. దాన్ని వేసుకోవడానికి ప్రత్యేకంగా ఒక గది ఉంది. అదే వీలునామాలో గొర్రెల కాపరి థామస్ విటింగ్టన్‌కు బాకీ ఉన్న సొమ్ము ప్రస్తావన ఉంది. జీతానికి కాపరిని పెట్టుకున్న ఇల్లు అది. ఆ కాపరే 1601లో తన వీలునామాలో, షేక్‌స్పియర్ భార్య యాన్ దగ్గర ఉన్న తన 40 షిల్లింగులు స్ట్రాట్‌ఫర్డ్ పేదలకు చెందాలని రాశాడు. 1610లో యాన్ సోదరుడు బార్తొలొమ్యూ 200 పౌన్లు చెల్లించి హ్యూలాండ్స్‌ను కౌలు నుంచి సొంత ఆస్తిగా మార్చుకున్నాడు, ఇంటిని పెంచాడు. ఇంట్లో 1697 అని చెక్కిన అంకెలు తర్వాతి ఒక తరానివి. అంటే ఒక్కో తరం తనకు వెసులుబాటు కలిగినప్పుడల్లా ఇంటికి ఏదో ఒకటి చేర్చింది. 1582లో పద్ధెనిమిదేళ్ళ విలియం ఇరవై ఆరేళ్ళ యాన్‌ను పెళ్ళాడాడు. ఆనాటికి అప్పుల్లో కూరుకుపోతున్న చేతితొడుగుల వ్యాపారి కొడుకు అతను, నిలకడైన వ్యవసాయం ఉన్న ఇంటి పిల్ల ఆమె. పేద కుటీరంలోని అమాయక పల్లెపడుచు అనే కథ ఈ కాగితాల ముందు నిలవదు.

మరి ఆనాటి అసలు పేదవాడు ఎక్కడ ఉండేవాడు? ఈ ప్రశ్న వేయకపోతే ఇప్పటిదాకా చెప్పింది సగమే అవుతుంది. 1602లో కార్న్‌వాల్ గురించి రాసిన రిచర్డ్ కేర్యూ, అంతకుముందరి తరం చిన్న రైతుల ఇళ్ళను వర్ణించాడు: మట్టిగోడలు, తక్కువ ఎత్తు గడ్డికప్పు, ఒకటి రెండు అడ్డుగోడలు, అద్దాల్లేని కిటికీలు, పొగ పోవడానికి గోడలో ఒక కంత. కూలివాళ్ళ గుడిసెలు ఇంతకన్నా మెరుగ్గా ఉండే అవకాశం లేదు. 1589లో ఎలిజబెత్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం కనీసం నాలుగెకరాల నేల లేకుండా కొత్త గుడిసె కట్టడం నేరం. ఊళ్ళలో పేదలు పెరిగి సాయం భారం కాకుండా చూడడం దాని ఉద్దేశం. ఆ చట్టం 1775 దాకా పుస్తకాల్లో ఉంది. నేల లేనివాడు ఉమ్మడి బంజరు అంచున దొంగచాటుగా మట్టితో, కొమ్మలతో, పచ్చగడ్డి పెళ్ళలతో వేసుకున్న గూళ్ళు వానకు కరిగాయి, అధికారులు కూల్చారు, బంజర్లకు కంచెలు పడినప్పుడు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ రోజు ఇంగ్లండ్‌లో ముచ్చటగా నిలిచి ఉన్న గడ్డికప్పు ఇళ్ళలో ఆ గూళ్ళు దాదాపు లేవు. కాలం పెట్టిన పరీక్షలో నిలిచినవి గట్టి చట్రం ఉన్నవి మాత్రమే, గట్టి చట్రం కొనగలిగినవాడు భూమి ఉన్నవాడు మాత్రమే. మిగిలినవాటిని చూసి పోయినవాటిని ఊహించడం వల్లనే పేదరికం అందంగా ఉండేదన్న భ్రమ పుట్టింది. పల్లె పేదల చరిత్రకు ఇది పెద్ద అన్యాయం.

ఇక కప్పు సంగతి. హాథవేలు అంత కలిగినవాళ్ళయితే గడ్డి ఎందుకు వేసుకున్నారని అడగవచ్చు. 15వ శతాబ్దిలో గడ్డికప్పు చిన్నతనం కాదు. నార్‌ఫోక్, సఫోక్ జిల్లాల్లో చర్చిలకు కూడా రెల్లుకప్పు ఉంది. గోధుమ పండించే రైతుకు గడ్డి ఇంట్లోనే దొరుకుతుంది. పెంకుల కన్నా ఎంతో తేలిక, చలికాలం వెచ్చన, ఎండాకాలం చల్లన. పని తీరు కూడా శాస్త్రీయంగా ఉంటుంది. గడ్డిని తడిపి, దులిపి, పుల్లలన్నీ ఒకవైపుకు తిరిగేలా సాపుచేసి మోపులుగా కడతారు. చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపుగా, కింది వరసను పై వరస కప్పేలా పేర్చుకుంటూ వెళతారు. నిలువునా చీల్చి, మెలితిప్పి, తల జడపిన్నులా వంచిన హాజెల్ పుల్లలను గుచ్చి వాటిని బిగిస్తారు. కప్పు వాలు దాదాపు 45 నుంచి 50 డిగ్రీలు ఉండాలి. అప్పుడే వాన చుక్క ఒక పుల్ల కొస నుంచి మరో పుల్ల కొసకు జారుతూ చూరు దాకా వెళుతుంది. తడిసేది పై పొర మాత్రమే, లోపల గడ్డి పొడిగానే ఉంటుంది. నీరు గోడకు దూరంగా పడేలా చూరును ముందుకు సాచుతారు, నీటి గొట్టాలతో పనిలేదు. మట్టిగోడకు ఈ సాచిన చూరే రక్ష. పైన గడ్డి, మధ్యలో ఓక్, పక్కన మట్టి, అడుగున రాయి. ఈ నాలుగూ ఒకదాన్నొకటి నమ్ముకుని చేసిన కట్టడం అది. దాన్ని ఎంచుకున్న రైతు తన కాలానికి, తన నేలకు తగిన మేలైన పద్ధతినే ఎంచుకున్నాడు.

గడ్డికప్పుకు లేమి అనే అర్థం తర్వాత అంటుకుంది. అది నిప్పు భయంతో మొదలైంది. 1212 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డి, రెల్లు కప్పులను నిషేధించారు. స్ట్రాట్‌ఫర్డ్‌లో 1594, 1595ల్లో వరసగా మంటలు చెలరేగి పట్టణంలో పెద్ద భాగాన్ని కాల్చాయి. 1614లో రెండు గంటలు తిరగకుండానే 54 ఇళ్ళు బూడిదయ్యాయి. పట్టణ పాలకులు గడ్డికప్పులను మాన్పించి పెంకులు వేయించడానికి పూనుకున్నారు. ఇళ్ళు దూరదూరంగా ఉండే షాటరీకి ఆ నిర్బంధం లేదు. తర్వాత కాలువలూ రైళ్ళూ వచ్చాయి. 1816లో కాలువ, 1859లో రైలు స్ట్రాట్‌ఫర్డ్‌ను చేరాయి. వేల్స్ గనుల పలకరాయి, యంత్రంతో చేసిన పెంకు చవకగా దొరికే కాలం అది. డబ్బున్న రైతు గడ్డి తీసి పలకరాయి వేశాడు, లేదా పాత ఇల్లు వదిలి ఇటుక ఇల్లు కట్టుకున్నాడు. మార్చుకోలేనివాడి ఇంటి మీద గడ్డి మిగిలింది. హాథవే వంశం విషయంలోనూ ఇదే జరిగింది. 19వ శతాబ్దిలో ఇల్లు వాళ్ళ చేయి దాటింది, విడివిడి కాపురాలుగా చీలింది, ఆ వంశపు స్త్రీ మేరీ బేకర్ తన పూర్వీకుల ఇంట్లోనే అద్దెకు ఉంది. దేశమంతటా పాత రైతు ఇళ్ళు ఇలాగే కూలివాళ్ళ చేతికి వచ్చి, గదికో కుటుంబంగా నలిగాయి. 1842లో ఎడ్విన్ చాడ్విక్ ప్రచురించిన ఆరోగ్య నివేదిక అలాంటి పల్లె ఇళ్ళ తేమను, ఇరుకును, జబ్బులను నమోదు చేసింది. హాథవేలు ఇంకా రెండు తరాలు సంపన్నులుగా ఉండి ఉంటే ఈ క్రక్‌లనూ ఈ గడ్డినీ ఎప్పుడో తీసివేసి ఉండేవారు. ఆ ఇంటిని మనకు మిగిల్చింది వారి లేమి తెచ్చిన నిలుపుదలే.

సరిగ్గా ఆ కాలంలోనే పట్నవాసుల కళ్ళు పల్లె మీద పడ్డాయి. 1769లో నటుడు డేవిడ్ గారిక్ స్ట్రాట్‌ఫర్డ్‌లో జరిపిన ఉత్సవంతో షేక్‌స్పియర్ యాత్ర ఊపందుకుంది. 1795లో శామ్యూల్ ఐర్లండ్ తన అవాన్ నది యాత్రాచిత్రాల పుస్తకంలో షాటరీ ఇంటి బొమ్మ వేశాడు, అక్కడి నుంచి షేక్‌స్పియర్ ప్రేమించే రోజుల్లో కూర్చున్న కుర్చీ అని చెప్పిన దాన్ని కొనుక్కుపోయాడు. 1811లో బ్రిస్టల్ దగ్గర బ్లేజ్ హామ్లెట్‌లో వాస్తుశిల్పి జాన్ నాష్ ఒక జమీందారు వృద్ధ సేవకుల కోసం తొమ్మిది ఇళ్ళు కట్టాడు. ఎత్తయిన పొగగొట్టాలు, వంపు చూర్లు, కొన్నింటికి గడ్డికప్పు. పేద ఇల్లు ఎలా కనపడాలో సంపన్నుడు గీసిన నమూనా అది. చిత్రకారిణి హెలెన్ అలింగ్‌హామ్ నీటిరంగుల్లో ఆ నమూనాకు పూలు తొడిగింది. 1892లో షేక్‌స్పియర్ జన్మస్థల ట్రస్టు 3,000 పౌన్లకు షాటరీ ఇంటిని కొన్నది. ఇప్పుడు అందరూ ఫొటో తీసుకునే పూలతోటను 1920ల్లో తోటల నిపుణురాలు ఎలెన్ విల్మాట్ తీర్చిదిద్దింది; రైతు ఇంటి ముందు ఒకప్పుడు ఉండే పెరడూ, పశువులూ, ఎరువూ ఆ తోటలో లేవు. ఈ మోజునంతా తప్పుపట్టడం తేలిక. కానీ మోజు లేకపోతే ట్రస్టు కొనేది కాదు, ఇల్లు కూలిపోయేదన్న అభ్యంతరానికి బలముంది, దాన్ని ఒప్పుకోవాలి. అలింగ్‌హామ్ చాలా ఇళ్ళ బొమ్మలను, వాటిని కూల్చబోతున్నారని తెలిసి, త్వరపడి వేసింది. మోజు ఇంటిని బతికించింది, అది నిజం. బతికించినందుకు దాని కథను మార్చే హక్కు మాత్రం మోజుకు రాలేదు.

చివరి అభ్యంతరం నిజాయతీకి సంబంధించినది. గడ్డికప్పు కొన్ని దశాబ్దాలకొకసారి మారుతుంది. కొప్పు పదీ పదిహేనేళ్ళకే మారుతుంది. 1969లో చెలరేగిన మంటల్లో షాటరీ ఇల్లు బాగా దెబ్బతింది, ట్రస్టు దాన్ని మళ్ళీ నిలబెట్టింది. ఇన్నిసార్లు మారినదాన్ని పాతదని ఎలా అనగలమని అడుగుతారు. దీనికి జవాబు డెవన్ జిల్లా ఇళ్ళ అటకల్లో ఉంది. పాత పద్ధతిలో పాడైన పైపొర గీకి, దాని మీదే కొత్త పొర గుచ్చేవారు. అందువల్ల కొన్ని ఇళ్ళలో అట్టడుగు పొర మధ్యయుగం నాటిదే మిగిలి ఉంది. నేల మధ్య పొయ్యి పొగకు అది నల్లగా కాటుక పట్టి ఉంటుంది. పరిశోధకుడు జాన్ లెట్స్ ఆ నల్లగడ్డిని పరీక్షించి 1999లో ప్రచురించిన పుస్తకంలో ఆనాటి పొలాల పొడుగు గోధుమ, రై మొక్కల వెన్నులు, గింజలు, కలుపు మొక్కలు ఎలా ఉండేవో చూపించాడు. మరెక్కడా దొరకని పంటల చరిత్ర అది. కప్పు పాతదై ఉండేది ఆ కొనసాగింపులో. అదే పద్ధతి, అదే రకం గడ్డి, అదే పొర మీద పొర. ఆ కొనసాగింపు 20వ శతాబ్దిలో తెగింది. కోత యంత్రం గడ్డిని నలిపేస్తుంది. రసాయన ఎరువు కాడను బలహీనపరుస్తుంది. దిగుబడి కోసం తయారైన పొట్టి గోధుమకు కప్పుకు సరిపడే పొడవు లేదు. పొడుగు గోధుమ పండించే రైతులు కొద్దిమందే. 1964లో విడుదలైన మారిస్ విడ్జన్ వంటి రకాన్ని వేసి, పాతకాలపు కట్టల యంత్రంతో కోయాలి. దాంతో చాలామంది నార్‌ఫోక్ నుంచో, టర్కీ, హంగరీ, ఉక్రెయిన్, చైనాల నుంచో వచ్చే నీటిరెల్లు వేయిస్తున్నారు. అది ఎక్కువకాలం మన్నుతుందన్న వాదన నిజమే కావచ్చు. కానీ రెల్లును నేరుగా వాసాలకు బిగిస్తారు కనుక కింద ఉన్న పాత పొరలన్నీ పీకి పారేయాలి. అయిదు వందల ఏళ్ళ సాక్ష్యం ఒక్క రోజులో చెత్తకుప్పకు చేరుతుంది. అందుకే 2000లో పాత కట్టడాల పరిరక్షణ సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్ విడుదల చేసిన మార్గదర్శకం ఆయా ప్రాంతపు పాత సామగ్రితోనే, పాత పద్ధతిలోనే కప్పు వేయాలని కోరింది. ఖర్చు ఇంటివాడి మీద పడుతుందన్న ఫిర్యాదు న్యాయమైనదే. ఆ భారాన్ని ప్రజాధనం పంచుకోవాలి గానీ, దాన్ని సాకుగా చూపి సాక్ష్యాన్ని వదులుకోకూడదు.

కనుక తీర్పు ఇది. షాటరీ ఇల్లు వంటివి పేదరికపు అందానికి స్మారకాలు కావు. ప్లేగు తర్వాత తలెత్తిన రైతుకు నేల మీద హక్కు దొరికితే ఏం కట్టగలడో, ఆ హక్కు చేయి జారాక అదే ఇల్లు ఎలా ముక్కలవుతుందో చూపించే ప్రత్యక్ష సాక్ష్యాలు. వాటిని కాపాడడమంటే తోటకు నీళ్ళు పోసి గోడకు సున్నం కొట్టడంతో సరిపోదు. పొడుగు గోధుమ పండించే రైతుకు గిట్టుబాటు ధర రావాలి, హాజెల్ పొదలను కొన్నేళ్ళకొకసారి నరికి చిగురింపజేసే అడవులు ఉండాలి, గడ్డిని సాపుచేసి కప్పు నేసే చేతులకు శిష్యులు దొరకాలి. చూడటానికి వెళ్ళేవారు పూలతోట దగ్గరే ఆగిపోకుండా మేడగదికి ఎక్కి ఆ వంపు దుంగలను చూడాలి. అక్కడ నిలిచి, ఈ ఇంటి పక్కనే ఉండి ఆనవాలు లేకుండా పోయిన కూలివాడి మట్టిగూటిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే ఇంగ్లీషు పల్లె చరిత్ర పూర్తిగా చదివినట్టు.